అక్షహృదయము

వైకుంఠ ఏకాదశినాటి రాత్రి జాగరణ చేయు వైష్ణవ గృహములందు పరమపదసోపాన పటమును పరచి, పాచికలు వేయుచు, నిచ్చెనలెక్కుచు, పాముల నోటబడి దిగుచు, పిన్నలును పెద్దలును తెల్లవారు వరకు ఆడుట మన పెద్దలనాటి నుండి వచ్చుచున్న ఆచారము. గెలిచినవాడు పరమపదమును చేరితినని మురియును. ఓడినవాడు మరల క్రింది గడినుండి బయలుదేరును. తెల్లవారిన పిమ్మట పటమును చుట్టి అటుకపై నుంచెదరు. ఆ ఆటవలన ఏ ఇంటనుండియు ఒక్క కాసు పోదు. ఏ తల్లి కంటను నీరు రాదు.

అట్టి పాచికలే హస్తినాపుర సభలో ఒక సామ్రాజ్యమును మ్రింగినవి. రెండింటికిని భేద మెక్కడ నున్నది? పాచికలలో లేదు, పణములో నున్నది. ఈ విషయమును నేడు మరల విచారింపవలసిన అవసర మేల కలిగినదో ముందుగా మనవి చేసెదను.

గత సంవత్సరము శ్రీవారి దర్శనమునకు వచ్చిన ఒక గృహస్థుడు తన కుమారునితో కూడ నా యొద్దకు వచ్చెను. కుమార్తె వివాహము నిర్విఘ్నముగా జరిగిన యెడల స్వామికి సమర్పించెదనని పసుపుగుడ్డలో ముడుపు కట్టి, ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా పదునెనిమిది వేల రూపాయలు కూడబెట్టెనట. వివాహము జరిగినది. ప్రయాణమునకు ముందు ముడుపు విప్పగా లోపల చిత్తుకాగితములు మాత్రమే యున్నవి. ఉద్యోగస్థుడైన కుమారుడు సెల్‌ఫోనులో పందెపు పేకాటకు అలవాటుపడి, తన జీతము చాలక, దానిని తీసి ఒడ్డి పోగొట్టుకొనెను.

తండ్రి నన్ను నిందావాక్యము లడుగలేదు. "స్వామీ, ఆడవద్దని చెప్పిచెప్పి అలసితిని. ఎంతవరకు ఆడవచ్చునో, ఎచ్చట నిలువవలెనో, ఆ హద్దయినను శాస్త్రములో కలదా?" అని యడిగెను. కుమారుడు తలవంచుకొనియే, "ధర్మరాజంతటివాడు ఆడలేదా?" అనెను. ఈ రెండు ప్రశ్నలకును నాటి సాయంకాలము నేను చెప్పిన సమాధానమునే ఇచ్చట కొంత విస్తరించి వ్రాయుచున్నాను.

శాస్త్రము, శాసనము

ప్రాణములేని వస్తువులతో పందెమొడ్డి ఆడునది ద్యూతమనియు, ప్రాణులతో ఆడునది సమాహ్వయమనియు మనువు తొమ్మిదవ అధ్యాయమున నిర్వచించి, ఈ రెండింటిని రాజు తన రాజ్యమునుండి తొలగింపవలెనని శాసించెను. పేకాట, పాచికలు, సెల్‌ఫోనులోని ఆట మొదటి తరగతివి. సంక్రాంతి దినములలో గోదావరి ప్రాంతమున జరుగు కోడిపందెములు రెండవ తరగతివి. వానిలో ధననష్టముతో పాటు జీవహింస కూడ కలదు. ప్రాణులను పోరునకు ఉసికొల్పుట 1960లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టము ననుసరించియు నేరమే.

కౌటిల్యుని త్రోవ వేరు. మానదని యెరిగినవాడు గనుక ఆయన దానికి కట్టడి చేసెను. ద్యూతాధ్యక్షుని నియమించి, ఒక్కచోటనే ఆడింపవలెననియు, వేరొకచోట ఆడినవానికి పండ్రెండు పణముల దండన మనియు, గెలిచిన సొమ్ములో నూటికి ఐదు వంతున అధ్యక్షుడు గ్రహింపవలెననియు అర్థశాస్త్రము తృతీయాధికరణమున చెప్పెను. యాజ్ఞవల్క్యుడును ఇట్టి కట్టడినే చెప్పెను. కావున హద్దులను గూర్చిన ప్రశ్న క్రొత్తది కాదు. "అసలే వలదు" అను మాటయు, "ఆడిన యెడల ఇట్లాడుము" అను మాటయు రెండును మన గ్రంథములలో నున్నవి.

ఇక నేటి శాసనము. మన రాష్ట్రమున గేమింగు చట్టము 1974లో వచ్చినది. ఆన్‌లైను పందెముల విషయమున తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను దానిని సవరించినవి. 2025 ఆగష్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము, ఆట నైపుణ్యముతో కూడినదైనను అదృష్టముపై ఆధారపడినదైనను, సొమ్ము ఒడ్డించు ఆన్‌లైను ఆటలను నడుపుటను, ప్రకటించుటను, వానికి ధనము చేరవేయుటను నిషేధించినది. "రమ్మీ నైపుణ్యపుటాట యని సుప్రీంకోర్టు చెప్పలేదా?" అని కొందరందురు. సికిందరాబాదులోని ఒక క్లబ్బు వ్యాజ్యమున 1967లో చెప్పిన మాట వాస్తవమే. కాని ఆడించువాడు ఆ ఆటనుండి లాభము గ్రహించినచో నేరము కాగలదని ఆ తీర్పులోనే యున్నది. సగము వాక్యమును పట్టుకొని శాస్త్రార్థము చేయరాదు.

అయినను గుఱ్ఱపు పందెములు, 1967 నుండి నడచుచున్న కేరళ ప్రభుత్వపు లాటరీ, గోవాలోని కేసినోలు, అమెరికాలో మన పిల్లలు నివసించు పెక్కు రాష్ట్రములలోని జూదగృహములు చట్టసమ్మతములే. చట్టము అడ్డనిచోట మనిషికి తానే అడ్డుకట్ట వేసికొనవలెను. అందులకే ఇతిహాసముల సహాయము కావలయును.

ధర్మజుని పొరపాట్లు

ధర్మరాజు ద్యూతదోషము నెరుగనివాడు కాడు. పిలువ వచ్చిన విదురుడు జూదము అనర్థమూలమని చెప్పెను. సభలో శకునితో ధర్మజుడే అది కపటమని పలికెను. ఐనను, పిలిచిన పిదప వెనుదిరుగరాదను తన వ్రతమునకు కట్టుబడి కూర్చుండెను. పిలుపును గౌరవమని భ్రమించుట మొదటి పొరపాటు. నేటి సెల్‌ఫోను కూడ రోజునకు పదిమార్లు పిలుచుచున్నది. వెనుదిరుగుట అవమానము కాదు.

హద్దు నిర్ణయించుకొనకయే కూర్చుండుట రెండవది. మొదట ఒక మణిహారము, పిమ్మట బంగారము, రథములు, ఏనుగులు, గుఱ్ఱములు, రాజ్యము, ఆపైన నకులుడు, సహదేవుడు, అర్జునుడు, భీముడు, తాను, కడపట ద్రౌపది. ఆ వరుసలో ఎచ్చటను "ఇంతటితో చాలు" అను మాట లేదు. హారము పోయినపుడు లేచినచో పోయెడిది హారమే.

మూడవది తనది కానిదాని నొడ్డుట. రాజు తన్నుతా నోడిన పిమ్మట తన్ను ఒడ్డెనా, అంతకు ముందే ఒడ్డెనా యని ద్రౌపది వేసిన ప్రశ్నకు భీష్ముడంతటివాడు సమాధానము చెప్పలేకపోయెను. ప్రతి జూదరి యింటను ఆ ప్రశ్న నేటికిని ప్రతిధ్వనించుచునే యున్నది. భార్య నగలు, పిల్లల చదువు సొమ్ము, అప్పు తెచ్చిన ధనము, దేవుని ముడుపు - ఇవి యెవరివి? వీనిని ఒడ్డు అధికారము నీ కెచ్చటిది?

నాలుగవది అన్నిటికంటె దుఃఖకరము. ధృతరాష్ట్రుడు ద్రౌపదికి వరములిచ్చి, పోయినదంతయు తిరిగి యిచ్చెను. పాండవులు ఇంద్రప్రస్థమునకు బయలుదేరిరి. దారిలో మరల పిలుపు వచ్చినది. ధర్మజుడు మరల వచ్చి కూర్చుండెను. పండ్రెండేండ్ల అరణ్యవాసము, ఒక యేటి అజ్ఞాతవాసము ఆ రెండవ ఆటవలన కలిగినవే. ఒకమారు తప్పించుకొనినవాడు రెండవమారు పోవుటలోనే వ్యసనము యొక్క స్వరూపమంతయు కలదు.

అరణ్యమునకు వచ్చిన శ్రీకృష్ణపరమాత్మ, తాను సాల్వునితో యుద్ధమునకు పోయియుండనిచో పిలువకున్నను వచ్చి, ద్యూతదోషములను చూపి ఆ ఆటను ఆపియుందునని చెప్పెను. స్వామి అభిప్రాయ మేమో ఇంతకంటె స్పష్టముగా తెలియనక్కరలేదు. గీత పదవ అధ్యాయము ముప్పదియారవ శ్లోకమున వంచనలలో ద్యూతము తానని చెప్పుటయు దానిని పొగడుట కాదు. దానిని వంచనల పట్టికలో చేర్చుటయే అందలి హెచ్చరిక.

నలుడు నిలిచిన చోటు

కామ్యకవనమున శోకించుచున్న ధర్మజునకు బృహదశ్వ మహర్షి నలోపాఖ్యానమును చెప్పెను. కలిపురుషుడు ఆవేశింపగా నలుడు తమ్ముడగు పుష్కరునితో నెలల తరబడి ఆడెను. మంత్రులును పౌరులును ద్వారమున నిలిచిరి, దమయంతి వేడుకొనెను, అతడు వినలేదు. సర్వము పోయిన పిదప పుష్కరుడు నవ్వి, "ఇక దమయంతి మిగిలినది గదా, ఒడ్డుము" అనెను. నలుడు మాటాడలేదు. ఆభరణములు తీసివేసి, ఏకవస్త్రముతో లేచిపోయెను.

అతడు లేచిన ఆ క్షణమే గమనింపదగినది. ఎంత ఆలస్యమైనను, ఎంత పోయినను, లేచుటకు ఒక చోటు మిగిలియుండునని ఆ కథ చెప్పుచున్నది. ధర్మజుడు దాటిన గీటువద్ద నలుడు నిలిచెను.

"నలుడు తిరిగి ఆడి పోయిన రాజ్యమును గెలువలేదా? నేను మాత్రము పోయినదానిని ఏల రాబట్టరాదు?" అని కుమారుడు అడిగెను. ఇది తప్పక అడుగవలసిన ప్రశ్న. నలుడు మరల పాచికలు పట్టునాటికి ఏండ్లు గడచినవి. ఋతుపర్ణునికి అశ్వవిద్య నిచ్చి, అతనినుండి అక్షహృదయమను విద్యను గ్రహించెను. ఆ విద్య అబ్బినంతనే కలి అతనిని విడిచి విభీతకవృక్షమున, అనగా తానిచెట్టున, ప్రవేశించెను. ఆపైన పుష్కరునితో ఒక్క ఆటయే ఆడెను. గెలిచి, తమ్ముని భాగమును తమ్మునికే యిచ్చి విడిచెను. ఐనను ఆ కడపటి ఆటలో దమయంతిని కూడ పణముగా చెప్పినట్లు మూలమున కలదు. మొదట తాను నిలిచిన గీటును అప్పుడు తానే దాటెను. గెలుపు దోషమును కడిగివేయదు. అది అనుకరింపదగిన భాగము కాదు.

ఆ అక్షహృదయము మనకు లేదు. కాని దానిలో ఒక చిన్న భాగము లెక్క తెలిసిన ప్రతివానికిని అందుబాటులోనే యున్నది. కౌటిల్యుడు చెప్పిన నూటికి ఐదు వంతునే తీసికొందము. ఇద్దరు చెరి వేయి రూపాయలతో కూర్చుండి, ఆట కొక నూరు చొప్పున ఒడ్డిరనుకొనుడు. ఇద్దరును సమానులు. ప్రతి ఆటలో గెలిచినవాని నూటినుండి ఆడించువాడు ఐదు రూపాయలు గ్రహించును. రెండువందల ఆటలు ముగియునప్పటికి వేయి రూపాయలు, అనగా మొత్తములో సగము, ఆడించువాని పెట్టెలో నుండును. నాలుగువందల ఆటలు సాగినచో ఇద్దరి రెండువేలును అచ్చటనే యుండును. ఒకరు గెలిచి ఒకరు ఓడుదురని ఆడువారిద్దరును తలంతురు. ఇద్దరు నోడుదురని ఆడించువా డెరుగును.

రెండవ లెక్క: పాచికకు జ్ఞాపకము లేదు. "అయిదుమార్లు ఓడితిని, ఆరవమారు తప్పక పడును" అనుట జూదరి మనస్సులోని మాటయే గాని, పాచికలోని మాట కాదు. వెనుక పడినదానితో దానికి సంబంధము లేదు. పోయినదానిని రాబట్టుటకు ఆడువాడు పోయినదానికి తోడు మరికొంత జతచేయును.

కంకుని మాట

బృహదశ్వుడు కథ చెప్పుటయే కాక, అక్షహృదయమును ధర్మజునకు ఉపదేశించెను. ఆ విద్యతోనే ధర్మజుడు విరాటుని కొలువున కంకుడను పేర ద్యూతసచివుడయ్యెను. అచ్చట జరిగిన ఒక ఘట్టమును మనవారు అంతగా తలచుకొనరు. ఉత్తరకుమారుడు కౌరవులను గెలిచెనని విని విరాటుడు ఆనందముతో ఉప్పొంగి, పాచికలు తెమ్మనెను. ఆడుటయే వృత్తిగా గల కంకుడు అప్పుడు వారించెను. మిక్కిలి సంతోషముతో ఉన్నవానితో జూదమాడరాదనియు, జూదమున పెక్కు దోషములు కలవనియు, పాండురాజపుత్రుడు యుధిష్ఠిరుడు దానివలననే రాజ్యమును సోదరులను కోల్పోయిన సంగతి వినియుందువనియు చెప్పెను.

తన కథనే పరాయివాని కథవలె చెప్పుకొన్న ఆ పెద్దమనిషిని తలచినపుడు నా మనస్సు కరగిపోవును. ఆ తండ్రికొడుకులతో ఈ ఘట్టమును చెప్పి, "నాయనా, ధర్మరాజంతటివాడు ఆడెనని అంటివి. నిజమే. ఆడిన ధర్మరాజు మాటను విందువా, అక్షహృదయము తెలిసిన పిమ్మట 'వలదు' అన్న ధర్మరాజు మాటను విందువా?" అని యడిగితిని. ఆ యువకుడు చాలసేపు మాటాడలేదు.

ఆడువానికి నియమములు

ఆడకుండుట ఉత్తమము. వినోదమునకై చట్టసమ్మతమైనచోట ఆడుదునను వానికి ఇతిహాసములనుండి తేలిన నియమము లివి.

మొదటిది: శాసనము నిషేధించిన ఆటకు హద్దు లేదు; దానిని ముట్టరాదు.

రెండవది: కూర్చుండుటకు ముందే సొమ్మును, కాలమును నిర్ణయించి కాగితముపై వ్రాసికొనవలెను. ఆ సొమ్ము తిరునాళ్ళలో రంగులరాట్నమునకు ఇచ్చిన రుసుమువలె అప్పుడే వ్యయమైనదని తలంపవలెను. గెలిచినను ఓడినను గడువు ముగియగానే లేవవలెను.

మూడవది: అప్పు తెచ్చిన సొమ్మును, ఇంటి ఖర్చులకు దాచినదానిని, దైవధనమును ఒడ్డరాదు.

నాలుగవది: పోయినదానిని రాబట్టవలెనను తలంపు పుట్టిన క్షణమే లేవవలసిన క్షణమని యెరుగవలెను.

ఐదవది: మితిమీరిన సంతోషములో గాని, దుఃఖములో గాని, మద్యము సేవించి గాని ఆడరాదు. కంకుని హితవు ఇదియే.

ఆరవది: ఇంట చెప్పలేని ఆట ఆడరాదు. పరీక్షిన్మహారాజు కలికి ద్యూతము, పానము, స్త్రీ, హింస అను నాలుగు స్థానములను, అతడు మరల వేడగా సువర్ణమును ఇచ్చెనని భాగవతము ప్రథమస్కంధమున కలదు. ద్యూతమువలన కలుగునది అనృతమని వ్యాఖ్యాతలు చెప్పిరి. ఇంటిలో మొదట ప్రవేశించునది అప్పు కాదు, అబద్ధము. అప్పు దాని వెంట వచ్చును.

ఏడవది: విదురునివంటి హితుడొకడు "లెమ్ము" అన్నపుడు వాదింపక లేవవలెను.

ఈ నియమములను ముమ్మారు తలపెట్టియు పాటింపలేనివాడు తన స్థితిని తాను గుర్తింపవలెను. వానికి హద్దులు ఔషధము కావు. పూర్తిగా విడుచుటయే ఔషధము. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022 జనవరిలో అమలులోనికి తెచ్చిన రోగపట్టికలో జూదవ్యసనము కూడ ఒక రుగ్మతగా చేర్చబడియున్నది. ఆటను అదుపు చేయలేకపోవుట, తక్కిన పనులన్నిటికంటె దానికే ప్రాధాన్యమిచ్చుట, కీడు కలుగుచున్నను మానలేకపోవుట దాని లక్షణములు. జ్వరమునకు వైద్యుని వద్దకు పోవుటకు సిగ్గుపడనివాడు దీనికిని సిగ్గుపడరాదు. 2022 అక్టోబరులో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలి మానస్ అను ఉచిత సహాయకేంద్రమునకు 14416 సంఖ్యపై ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. ప్రార్థనయు వలయును, చికిత్సయు వలయును. ఒకటి రెండవదానికి అడ్డు కాదు.

ఇంటివారి కర్తవ్యము

దమయంతి ఏడ్చుచు కూర్చుండలేదు. సర్వము పోవునని గ్రహించినంతనే వార్ష్ణేయుడను సారథిని పిలిచి, బిడ్డలిద్దరిని రథమెక్కించి విదర్భకు, పుట్టింటికి పంపెను. పోకూడనిదానిని ముందుగా కాపాడెను. పిమ్మట భర్తతో అడవికి నడచెను. అడవిలో అతడు తన్ను విడిచిపోయినను, బ్రాహ్మణులను పంపి వెదకించి తిరిగి తెచ్చుకొనెను. ఇంటివారు నేర్వవలసినది ఇదియే. ఇంటి సొమ్మును, పత్రములను జూదరి చేతికందనిచోట భద్రపరుపవలెను. పరువు పోవునని అతని అప్పులను రహస్యముగా తీర్చుట మరియొక ఆటకు పెట్టుబడి యిచ్చుటయే యగును. అట్లని మనిషిని మాత్రము విడువరాదు.

"స్వామియే హాథీరాం బావాజీతో పాచికలాడెను గదా" అని కొందరు పరిహాసమాడుదురు. తిరుమలలో ఆ ఐతిహ్యము ప్రసిద్ధమే. కాని ఆ ఆటవలన బావాజీ ధనికుడు కాలేదు. స్వామివారి హారము తన కుటీరమున కనబడినందున దొంగయని నిందింపబడి, ఒక్క రాత్రిలో బండెడు చెరకు తినవలెనను పరీక్షకు లోనయ్యెనని ఆ కథయే చెప్పుచున్నది. ఏనుగు రూపమున వచ్చి స్వామి అతనిని కాపాడెను. ఆ ఆటలో బావాజీ ఒడ్డినది తన హృదయమును. అట్టి పణము నొడ్డగలవారు నిరభ్యంతరముగా ఆడవచ్చును.

రెండు నెలల పిమ్మట ఆ గృహస్థుని యుత్తరము వచ్చినది. కుమారుడు జీతమును తల్లి చేతికిచ్చుచున్నాడట. వైద్యుని చూచుచున్నాడట. పసుపుగుడ్డలో తన చేతులతోనే మరల ముడుపు కట్టెనట. నడుమ ఒకనాడు నిగ్రహము తప్పి ఆడి, మరునాటి ఉదయమే తానే తండ్రితో ఆ మాట చెప్పెనట. "మరల ఆడెనని దుఃఖించితిని, దాచకుండ చెప్పెనని సంతోషించితిని. ఏమనుకొనవలెనో తెలియకున్నది స్వామీ" అని ఆయన వ్రాసెను.

సంతోషింపుమని ప్రత్యుత్తరము వ్రాసితిని. పాము నోటబడినవాడు పటమును చింపివేయడు. దిగిన గడినుండియే మరల నడచును. అబద్ధము వెడలిన ఇంట కలికి నిలువ నీడ లేదు. జారినవారిని చేయిపట్టి లేపు శ్రీనివాసుడు ఆ బిడ్డను, అట్టి బిడ్డలందరిని, వారికై ఎదురుచూచు తల్లిదండ్రులను కటాక్షించుగాక.